ఏ ప్రశ్నకు ఏ ప్రాణి?

1970ల మొదట్లో జపాన్‌లోని సాంక్యో కంపెనీలో అకిరా ఎండో అనే జీవరసాయన శాస్త్రవేత్త బూజుల మీద పనిచేస్తున్నారు. శరీరంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే పదార్థం ఏ బూజులోనైనా దొరుకుతుందేమోనని ఆయన బృందం వేలాది రకాల్ని జల్లెడ పట్టింది. 1973లో ఒక పెనిసిలియం జాతి బూజులో అలాంటిది దొరికింది. దాని పేరు కాంపాక్టిన్. గాజు గొట్టంలో ఆ పదార్థం చక్కగా పనిచేసింది. ఎలుకలకు ఇస్తే మాత్రం రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గలేదు. జంతువులో పనిచేయని మందును మనుషుల దాకా ఎవరూ తీసుకెళ్లరు. కాంపాక్టిన్ కథ అక్కడితో ముగిసిపోవాల్సింది.

ఎండో దాన్ని వదిలిపెట్టలేదు. 1976లో గుడ్లు పెట్టే కోళ్ల మీద ప్రయత్నించారు. గుడ్డు సొన నిండా కొలెస్ట్రాలే కాబట్టి ఆ కోడి శరీరంలో దాని తయారీ జోరుగా సాగుతూ ఉండాలి, అడ్డుకుంటే ప్రభావం కనబడాలి అన్నది ఆయన ఆలోచన. దాణాలో కలిపి పెడితే రక్తంలో కొలెస్ట్రాల్ దాదాపు సగానికి పడిపోయింది. తర్వాత కుక్కల్లో, కోతుల్లో కూడా తగ్గింది. 1978లో పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే రోగులకు ఇచ్చి చూశారు. 1987లో అదే కోవకు చెందిన లోవాస్టాటిన్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. ఈ రోజు ప్రపంచమంతా వాడుతున్న స్టాటిన్ మందుల కుటుంబం అలా మొదలైంది.

ఎలుక ఎందుకు తప్పుదారి పట్టించిందో తర్వాత తేలింది. మనిషి రక్తంలో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని ఎల్‌డీఎల్ రేణువులు మోస్తాయి. ఎలుకలో ఆ పని ఎక్కువగా హెచ్‌డీఎల్ రేణువులది. పైగా, కొలెస్ట్రాల్ తయారీని నడిపే ఎంజైమ్‌ను మందు అడ్డుకోగానే ఎలుక కాలేయం అదే ఎంజైమ్‌ను పలు రెట్లు ఎక్కువగా తయారుచేసి లోటు పూడ్చేసుకుంటుంది. మందు తన పని తాను చేస్తూనే ఉంది. దాని ఫలితం కనబడని శరీరంలో వెతకడం వల్లే చిక్కంతా వచ్చింది.

మానవ శరీరధర్మ శాస్త్రంలో మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఇతర ప్రాణుల శరీరాల నుంచే వచ్చింది. ఈ పద్ధతి మీద చర్చ జరిగినప్పుడల్లా జంతువులు మనిషికి సరిపోలతాయా లేదా అని గుండుగుత్తగా అడుగుతుంటారు. అలా అడిగితే జవాబు రాదు. మొత్తంగా మనిషిలా ఉండే జంతువు లేదు, మొత్తంగా వేరుగా ఉండే జంతువూ లేదు. గుండె విషయంలో మనకు దగ్గరగా ఉన్న ప్రాణి కాలేయం విషయంలో చాలా దూరంగా ఉండొచ్చు. ఈ ఒక్క పని దగ్గర, ఈ ఒక్క అణువు దగ్గర ఏ ప్రాణి మనిషితో కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆ ఎంపిక ఆలోచించి చేసినచోట శాస్త్రం ఒక్క అంగలో చాలా దూరం వెళ్లింది. అలవాటు కొద్దీ చేసినచోట మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది.

గేలన్ నుంచి హార్వీ దాకా

రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన గేలన్‌కు మనిషి శవాన్ని కోసి చూసే అవకాశం లేదు. కోతుల్ని, పందుల్ని, ఎద్దుల్ని కోసి చూశారు. చూసింది చూసినట్టు జాగ్రత్తగానే రాశారు. కానీ అదంతా మనిషికీ వర్తిస్తుందనుకున్నారు. మెదడు అడుగున సన్నటి ధమనులు వలలా అల్లుకుని ఉంటాయని ఆయన చెప్పింది గొర్రెలు, పందులు, ఎద్దుల విషయంలో అక్షరాలా నిజం. మనిషిలో ఆ వల లేదు. అయినా దాదాపు 1,300 ఏళ్ల పాటు వైద్య విద్యార్థులు లేని వలను ఉన్నట్టే చదువుకున్నారు. 1543లో పాడువాలో ఆచార్యుడిగా ఉన్న ఆండ్రియాస్ వెసాలియస్, మనిషి శవాల్ని తానే స్వయంగా కోసి చూసి, గేలన్ వర్ణించిన శరీరం చాలాచోట్ల మనిషిది కాదని చూపించారు.

ఆ వల మీద గేలన్‌కున్న ఆసక్తిలో తప్పేమీ లేదు. గొర్రెల్లో, జింకల్లో అది మెదడుకు వెళ్లే రక్తాన్ని చల్లబరచడానికి ఉపయోగపడుతుందని ఆధునిక పరిశోధన తేల్చింది. ముక్కులో ఆవిరైన తేమతో చల్లబడిన సిరల రక్తం మధ్య నుంచి ఈ సన్న ధమనులు సాగుతాయి. ఎండలో పరుగెత్తే జంతువుకు ఇది ప్రాణాధారం. మనిషి ఒళ్లంతా చెమట పట్టి చల్లబడతాడు, కాబట్టి మనకు వేరే ఏర్పాటు. గేలన్ వర్ణన తప్పు కాదు, దాన్ని మనిషికి అంటగట్టడం తప్పు.

విలియం హార్వీ అదే పోలికను ఎలా వాడారో చూస్తే తేడా తెలుస్తుంది. గుండె కొట్టుకునేటప్పుడు ఏ గది ముందు ముడుచుకుంటుంది, రక్తం ఎటు పోతుంది అన్నది వేడి రక్తపు జంతువుల్లో కంటికి అందదు. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. అందుకని హార్వీ కప్పల్ని, పాముల్ని, చేపల్ని ఎంచుకున్నారు. వాటి గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, చల్లబడితే ఇంకా నెమ్మదిస్తుంది. పాములో గుండెకు వచ్చే పెద్ద సిరను నొక్కితే గుండె ఖాళీ అయి పాలిపోయింది. గుండె నుంచి బయటికి పోయే ధమనిని నొక్కితే గుండె ఉబ్బి నల్లబడింది. రక్తం ఒక దిక్కునే ప్రయాణిస్తుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఏముంటుంది? ఆ తర్వాతే ఆయన మనిషి వైపు తిరిగి, చేతికి కట్టు కట్టి సిరల్లోని కవాటాల్ని చూపించారు, గుండె గంటకు ఎంత రక్తం తోస్తుందో లెక్క వేశారు. ప్రశ్నకు తగ్గ జంతువు, జవాబును సరిచూసుకోవడానికి మనిషి. 1628లో వచ్చిన ఆ పనిలో మిగిలిన ఖాళీ ఒక్కటే, ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఎలా చేరుతుందన్నది. 1661లో మార్సెల్లో మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి కేశనాళికల్ని చూశారు. కప్ప ఊపిరితిత్తి పలచగా, వెలుతురు దూరేలా ఉండబట్టి అది సాధ్యమైంది.

క్రోగ్ చెప్పిన మాట

కేశనాళికల మీద పనికి 1920లో నోబెల్ అందుకున్న డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్, 1929లో బోస్టన్‌లో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మ శాస్త్ర మహాసభలో ఒక మాట అన్నారు. చాలా సమస్యలకు, వాటిని సులువుగా అధ్యయనం చేయడానికి తగిన జంతువు ఒకటో కొన్నో ఎక్కడో ఉంటాయి అని. తర్వాతి కాలంలో దీనికి క్రోగ్ సూత్రమనే పేరు స్థిరపడింది.

దీనికి కిడ్నీ కథ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. మనిషి కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లుంటాయి. ప్రతి దాని మొదట్లో గ్లోమెరులస్ అనే కేశనాళికల ముద్ద, దాని వెనుక పొడవాటి సన్నటి గొట్టం. మూత్రం ఎలా తయారవుతుందన్నది 20వ శతాబ్దం మొదట్లో పెద్ద వివాదం. గ్లోమెరులస్ రక్తాన్ని వడపోస్తుందని ఒక వాదన. గొట్టం గోడలు కొన్ని పదార్థాల్ని రక్తం నుంచి లాగి మూత్రంలోకి తోస్తాయని ఇంకో వాదన. రెండూ ఒకే చోట, కంటికి కనబడని పరిమాణంలో జరుగుతుంటే విడదీసి చూసేదెలా?

జవాబు రెండు వేర్వేరు జంతువుల నుంచి వచ్చింది. 1924లో జోసెఫ్ వెర్న్, ఆల్ఫ్రెడ్ రిచర్డ్స్ కప్ప కిడ్నీలోని ఒక్క గ్లోమెరులస్ దగ్గరకు వెంట్రుక కన్నా సన్నటి గాజు సూదిని చేర్చి, అక్కడ వడకట్టిన ద్రవాన్ని బయటికి తీశారు. కప్పలో గ్లోమెరులస్‌లు పెద్దవిగా, పైకి కనబడేలా ఉంటాయి కాబట్టి ఇది కుదిరింది. ఆ ద్రవంలో చక్కెర, ఉప్పు ఉన్నాయి, ప్రొటీన్ లేదు. అంటే వడపోత నిజమే. ఇక రెండో వాదన సంగతి. టోడ్‌ఫిష్ అనే సముద్రపు చేప కిడ్నీలో అసలు గ్లోమెరులస్సే ఉండదు, గొట్టాలు మాత్రమే ఉంటాయి. వడపోత యంత్రం లేని ఆ చేప కూడా మూత్రం తయారుచేస్తుంది. 1920ల చివర్లో ఇ.కె. మార్షల్ ఆ చేపకు ఫినాల్ రెడ్ అనే రంగును ఎక్కిస్తే అది మూత్రంలో తేలింది. వడపోత లేదు కాబట్టి ఆ రంగు గొట్టం గోడల గుండానే వచ్చి ఉండాలి. వివాదం తీరింది. రెండు పనులూ నిజమే, మనిషి కిడ్నీలో రెండూ జరుగుతాయి.

ఇది కేవలం చేపల ముచ్చటగా మిగల్లేదు. పెనిసిలిన్ వచ్చిన కొత్తలో అది శరీరంలో నిలవకుండా గబగబా మూత్రంలో పోయేది. గొట్టాల గోడలే దాన్ని బయటికి పంపుతున్నాయని తెలిశాక, ఆ ద్వారాన్ని మూసే ప్రొబెనెసిడ్ అనే మందును తయారుచేశారు. ఈ రోజుకీ ఏ కొత్త మందు వచ్చినా కిడ్నీ గొట్టాల్లోని ఆ రవాణా ప్రొటీన్లతో దాని వ్యవహారం ఎలా ఉంటుందో చూస్తారు.

నరాల కథ అందరికీ ఎక్కువ తెలిసిందే. మనిషి నరపు పోగు మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. లోపలికి తీగ దూర్చే ప్రశ్నే లేదు. స్క్విడ్ అనే సముద్రజీవిలో, ప్రమాదం వచ్చినప్పుడు నీటిని ఒక్కసారిగా చిమ్మి పారిపోవడానికి ఉపయోగపడే నరపు పోగు దాదాపు మిల్లీమీటరు మందం ఉంటుంది. జె.జెడ్. యంగ్ 1936లో దాని ప్రాముఖ్యాన్ని శాస్త్రలోకం దృష్టికి తెచ్చారు. మూడేళ్లకు ప్లిమత్ సముద్ర ప్రయోగశాలలో అలాన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఆ పోగు లోపలికి ఎలక్ట్రోడ్ దూర్చి, నరపు సంకేతం వెళ్తున్నప్పుడు వోల్టేజీ ఎలా మారుతుందో నమోదు చేశారు. యుద్ధం వచ్చి పని ఆగింది. 1952లో వచ్చిన వారి వ్యాసాలు, సోడియం లోపలికి దూకడం, పొటాషియం బయటికి రావడం ద్వారా సంకేతం ఎలా పుడుతుందో సమీకరణాలతో సహా వివరించాయి. దంతవైద్యులు వాడే మత్తు ఇంజెక్షన్ సోడియం దారిని మూసేయడం వల్లే నొప్పి తెలియదన్న అవగాహనకు పునాది అక్కడే పడింది.

అయితే స్క్విడ్ కూడా ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. దాని నరానికి వేగం మందం వల్ల వస్తుంది, సెకనుకు సుమారు 25 మీటర్లు. మన పోగులు అంతకన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉన్నా, మైలిన్ అనే కొవ్వు తొడుగు వల్ల కొన్ని సెకనుకు 100 మీటర్ల వేగాన్ని అందుకుంటాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దెబ్బతినేది ఆ తొడుగే. స్క్విడ్ నరంలో అది లేదు కాబట్టి ఆ జబ్బు గురించి స్క్విడ్ ఏమీ చెప్పలేదు.

ఎంపికలో అదృష్టం కలిసొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియొడోర్ ఫ్రోలిక్ ఓడల సిబ్బందికి వచ్చే బెరిబెరి మీద పనిచేస్తూ గినీ పిగ్‌లకు ధాన్యం మాత్రమే పెట్టారు. వాటికి బెరిబెరి రాలేదు, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వచ్చింది. పాలిచ్చే జంతువుల్లో చాలా వాటికి విటమిన్ సి ని తిండి ద్వారా తీసుకునే అవసరం లేదు, కాలేయమే తయారుచేసుకుంటుంది. ఆ తయారీలో చివరి ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు మనిషిలోనూ, గినీ పిగ్‌లోనూ విడివిడిగా చెడిపోయింది. వాళ్ల చేతిలో ఎలుక ఉండి ఉంటే ఎన్నేళ్లు ధాన్యం పెట్టినా స్కర్వీ వచ్చేది కాదు. గినీ పిగ్ దొరకడంతో, ఏ పదార్థంలో స్కర్వీని నయం చేసే గుణం ఉందో కొలిచే పరీక్ష చేతికొచ్చింది. పాతికేళ్లకు విటమిన్ సి ని గుర్తించింది కూడా ఆ పరీక్షతోనే.

ఒక్క అమైనో ఆమ్లం తేడా

ఇప్పుడు రెండో వైపు. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చిన థాలిడోమైడ్‌ను వేవిళ్లకు కూడా వాడారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునే నాటికి 10,000కు పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. గర్భంతో ఉన్న జంతువుల మీద పరీక్షించి తీరాలన్న నియమం అప్పట్లో లేదు. అయితే పరీక్షించి ఉన్నా, చిట్టెలుకల్లో చూసి ఉంటే ప్రమాదం కనబడేది కాదన్నది భయపెట్టే నిజం. కుందేళ్లలో, కోతుల్లో పిల్లలకు అవయవ లోపాలు వస్తాయి. చిట్టెలుకల్లో రావు.

కారణం తేలడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 2010లో జపాన్ పరిశోధకులు ఆ మందు సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుందని కనుగొన్నారు. కణంలో ఏ ప్రొటీన్‌ను నాశనం చేయాలో గుర్తుపెట్టే యంత్రాంగంలో సెరెబ్లాన్ ఒక భాగం. థాలిడోమైడ్ చేరితే అది దారి తప్పి, చేతులు కాళ్లు ఏర్పడటానికి అవసరమైన ఎస్‌ఏఎల్‌ఎల్4 అనే ప్రొటీన్‌ను నాశనం చేయిస్తుందని 2018లో తేలింది. మనిషి సెరెబ్లాన్‌లో ఒక నిర్దిష్ట స్థానంలో వేలిన్ ఉంటుంది. చిట్టెలుకలో అక్కడ ఐసోల్యూసిన్ ఉంటుంది. ప్రొటీన్‌ను కట్టే ఇటుకలైన అమైనో ఆమ్లాల్లో ఇవి రెండు, దగ్గరి పోలికలున్నవే. ఆ చిన్న తేడా చాలు, చిట్టెలుకలో మందు ఆ పని చేయించలేదు.

1993లో హెపటైటిస్ బి కోసం అమెరికాలో పరీక్షించిన ఫియాలురిడిన్ కథలో తేడా ఇంకా లోతున దాగి ఉంది. చిట్టెలుకలు, ఎలుకలు, కుక్కలు, కోతులు, అన్నింట్లో చూశారు. పెద్ద ప్రమాదం కనబడలేదు. 15 మంది రోగుల్లో ఏడుగురికి కాలేయం దెబ్బతింది, ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. మందును కణంలోకి చేరవేసే ఒక రవాణా ప్రొటీన్, మనిషిలో కణపు శక్తి కేంద్రమైన మైటోకాండ్రియా పొర మీద కూడా ఉంటుంది. చిట్టెలుకలో ఆ పొర మీద ఉండదు. మనిషిలో మందు నేరుగా మైటోకాండ్రియాలోకి చేరి దాని డీఎన్ఏను పాడుచేసింది. రెండు జీవుల్లోనూ ఆ ప్రొటీన్ ఉంది, ఉన్న చోటు వేరు.

2006 మార్చిలో లండన్‌లో జరిగింది మరో రకం. టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఇచ్చారు. కోతులకు హాని చేయని మోతాదులో 500వ వంతే ఇచ్చారు. గంటల్లో ఆరుగురికీ రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, అవయవాలు పనిచేయడం మానేశాయి. ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టి వారి ప్రాణాలు కాపాడారు. ఆ యాంటీబాడీ పట్టుకునే సీడీ28 అనే అణువు, అది అతుక్కునే భాగంలో, కోతిలోనూ మనిషిలోనూ ఒకటే. సరిచూడాల్సింది సరిచూశామనే అందరూ అనుకున్నారు. కానీ పాత ఇన్ఫెక్షన్లను గుర్తుపెట్టుకునే ఒక రకం టి కణాల మీద మనిషిలో సీడీ28 ఉంటుంది, ఆ కోతుల్లో ఉండదు. విజృంభించింది ఆ కణాలే.

ఈ మూడు ఘటనల్ని చూపించి జంతు ప్రయోగాలన్నీ వృథా అనేవాళ్లున్నారు. అది తొందరపాటు తీర్పు. మూడింట్లోనూ చివరికి కారణాన్ని పట్టిచ్చింది కూడా రెండు శరీరాల మధ్య పోలికే. ప్రొటీన్‌లో ఆ అమైనో ఆమ్లం ఏది, అది కణంలో ఎక్కడ ఉంది, ఏ కణాల మీద ఉంది అన్న మూడు సంగతులూ ప్రయోగానికి ముందే అడగదగ్గవి. మొదటిదానికి ఇప్పుడు జన్యు డేటాబేస్‌లో నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. మిగతా రెండూ కష్టమైనవే, కానీ అసాధ్యం కాదు. అది చేయకుండా మొదలుపెట్టిన ప్రయోగంలో జంతువు పడిన బాధకు ప్రతిఫలంగా వచ్చే జ్ఞానం కూడా ఉండదు. 1959లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన నియమాలు, అంటే ప్రత్యామ్నాయం వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం, సరైన జాతి ఎంపికతోనే మొదలవ్వాలి.

చిట్టెలుకల మీద నడిచే ల్యాబ్‌లు

క్రోగ్ చెప్పింది ఒకటి, ఆ తర్వాత జరిగింది మరొకటి. చిట్టెలుక చిన్నది, త్వరగా పిల్లల్ని పెడుతుంది, జన్యువుల్ని మార్చడం సులువు, పరికరాలన్నీ దాని కొలతకే తయారయ్యాయి. దాంతో ప్రశ్నకు తగ్గ జంతువును వెతకడం పోయి, ఉన్న జంతువుకు తగ్గ ప్రశ్న వెతకడం మొదలైంది. జన్యువుల పనిని విప్పడంలో చిట్టెలుక చేసిన మేలు అపారం, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఇబ్బందల్లా దాన్ని చిన్న సైజు మనిషి అనుకోవడంతోనే.

గుండెనే తీసుకుందాం. మన గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటే చిట్టెలుకది 500 నుంచి 600 సార్లు. అంత వేగంలో ప్రతి దెబ్బ తర్వాత గుండె కణం మళ్లీ సిద్ధం కావడానికి చాలా తక్కువ సమయం ఉంటుంది. అందుకే దానికి వేరే రకం పొటాషియం ద్వారాలు కావాలి. మనిషిలో హెర్గ్ అనే ద్వారాన్ని అడ్డుకునే మందు గుండె లయను ప్రాణాంతకంగా చెడగొట్టగలదు. చిట్టెలుక గుండె దాని మీద దాదాపు ఆధారపడదు, కాబట్టి ఆ ప్రమాదం అందులో బయటపడదు. అందుకే ఈ పరీక్షకు గినీ పిగ్, కుందేలు, కుక్కల్ని వాడతారు.

పరిమాణం మారితే శరీరంలో అన్నీ ఒకే నిష్పత్తిలో మారవు. మాక్స్ క్లైబర్ 1932లో చూపించినట్టు, శరీరం ఖర్చుచేసే శక్తి బరువుతో సమానంగా కాక దాదాపు బరువు ముప్పావు ఘాతంతో పెరుగుతుంది. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1962లో ఓక్లహామా సిటీలో టస్కో అనే ఏనుగు విషయంలో తేలింది. పిల్లుల్లో వాడిన మోతాదును బరువు లెక్కన పెంచి భ్రాంతులు కలిగించే ఎల్‌ఎస్‌డీ అనే మందును 297 మిల్లీగ్రాములు ఇచ్చారు. రెండు గంటలు తిరక్కుండానే ఏనుగు చనిపోయింది. ఈ రోజు జంతువు నుంచి మనిషికి మోతాదు లెక్కగట్టేటప్పుడు శరీర ఉపరితల వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కిలో బరువుకు చిట్టెలుకకు ఇచ్చిన దాంట్లో సుమారు 12వ వంతు మనిషికి సమానం.

చిట్టెలుకను ఎలా ఉంచుతారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. ల్యాబ్‌లు మనుషులకు హాయిగా ఉండే 20 నుంచి 24 డిగ్రీల దగ్గర నడుస్తాయి. చిట్టెలుకకు హాయినిచ్చే వేడి సుమారు 30 డిగ్రీలు. అంటే జీవితాంతం చలిని తట్టుకుంటూ బతికే జంతువు మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, 30 డిగ్రీల్లో ఉంచిన చిట్టెలుకల్లో కణుతులు నెమ్మదిగా పెరిగాయి. సూక్ష్మజీవుల సంగతి ఇంకా పెద్దది. మరీ శుభ్రంగా పెరిగిన చిట్టెలుక రోగనిరోధక వ్యవస్థ పెద్దవయసు మనిషికన్నా అప్పుడే పుట్టిన శిశువుకు దగ్గరగా ఉంటుందని 2016లో తేలింది. పెంపుడు జంతువుల దుకాణంలోని చిట్టెలుకలతో కలిపి ఉంచితే అది పెద్దవాళ్ల తీరుకు మారింది. 2019లో మరో బృందం ల్యాబ్ జాతి పిండాల్ని అడవి చిట్టెలుకల గర్భంలో పెంచింది. పుట్టిన పిల్లలకు సీడీ28ను ప్రేరేపించే యాంటీబాడీ ఇస్తే, మామూలు ల్యాబ్ చిట్టెలుకల్లో కనిపించే శాంతపరిచే ప్రభావం రాలేదు, లండన్ వాలంటీర్లలో జరిగినట్టు రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయింది. అదే జాతి, అవే జన్యువులు. పెరిగిన తీరు ఒక్కటే వేరు.

తేడాలోనే దొరికినవి

మనిషిలా లేకపోవడం వల్లే కొన్ని జంతువులు విలువైనవి. జిరాఫీ మెడలో ఎముకలు మనకున్నట్టే ఏడు. కానీ తల అంత ఎత్తున ఉండబట్టి గుండె దగ్గర రక్తపోటు మనిషికి దాదాపు రెట్టింపు. మనిషికి అంత బీపీ ఏళ్ల తరబడి ఉంటే గుండె గోడలు బిరుసెక్కుతాయి, కిడ్నీలు పాడవుతాయి. జిరాఫీకి అవేమీ లేవు. దాని ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌ఎల్1 అనే జన్యువులో ప్రత్యేకమైన మార్పులున్నాయి. 2021లో ఆ మార్పుల్ని చిట్టెలుకల్లో పెట్టి, రక్తపోటు పెంచే మందు ఇస్తే, మామూలు చిట్టెలుకల్లా వాటికి బీపీ పెరగలేదు. చిట్టెలుకను ఇంత తెలివిగా వాడుకోవడం అరుదు. జిరాఫీ వేసిన ప్రశ్నకు జవాబు వెతికే చోటుగా మాత్రమే అది ఇక్కడ ఉంది.

ఎలుగుబంటి నెలల తరబడి కదలకుండా పడుకుంటుంది. దాని కాళ్లలో రక్తం గడ్డకట్టదు. ఆస్పత్రి మంచం మీద కొన్ని రోజులు కదలకుండా ఉన్న మనిషికి ఆ ప్రమాదం ఉంటుంది. 2023లో వచ్చిన పరిశోధనలో, శీతనిద్రలో ఎలుగుబంటి ప్లేట్‌లెట్ల మీద హెచ్‌ఎస్‌పీ47 అనే ప్రొటీన్ బాగా తగ్గిపోతుందని తేలింది. అది చూసి పరిశోధకులు మనుషుల వైపు తిరిగారు. వెన్నుపాము దెబ్బతిని ఏళ్ల తరబడి కదల్లేని వారికి కాళ్లలో గడ్డలు అనుకున్నంత ఎక్కువగా రావన్న సంగతికి అప్పటిదాకా సరైన వివరణ లేదు. వారిలోనూ ఆ ప్రొటీన్ తక్కువగానే ఉంది. మనిషి శరీరం తనలో దాచుకున్న రక్షణ, ఎలుగుబంటి ద్వారా బయటపడింది.

గిలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే తింటుంది. దాని విషంలో 1992లో జాన్ ఎంగ్ కనుగొన్న ఎక్సెండిన్-4, మన పేగుల్లో తయారై ఇన్సులిన్ విడుదలను పెంచే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను పోలి ఉంటుంది. మన హార్మోన్‌ను రక్తంలోని ఒక ఎంజైమ్ రెండు మూడు నిమిషాల్లో తెగ్గొట్టేస్తుంది. బల్లిది గంటల పాటు నిలుస్తుంది. 2005లో అది ఎక్సెనటైడ్ పేరుతో డయాబెటిస్ మందుగా వచ్చింది. జీఎల్‌పీ-1 మందులకు తలుపు తెరిచింది అదే.

జంతువు లేకుండా ఎంత దూరం?

మనిషి కణాలే చేతిలో ఉన్నప్పుడు జంతువెందుకన్న ప్రశ్న సహజం. 2007 నుంచి మనిషి చర్మకణాల్ని మూలకణాలుగా, అంటే ఏ రకం కణంగానైనా మారగల కణాలుగా, మార్చడం వీలైంది. 2009లో హాన్స్ క్లెవర్స్ ల్యాబ్ చిట్టెలుక పేగులోని ఒకే ఒక్క మూలకణం నుంచి చిన్న పేగులాంటి నిర్మాణాన్ని పెంచింది. ఇలాంటివాటినే ఆర్గనాయిడ్లు అంటున్నాం. 2010లో ఊపిరితిత్తి చిప్ వచ్చింది, అంటే సన్నటి కాలువలున్న చిన్న పలకలో మనిషి కణాల్ని పెంచి అవయవం పనిని అనుకరించే పరికరం. 2022లో చిప్‌ల తయారీదారులు ముందుండి చేసిన అధ్యయనంలో, కాలేయ చిప్‌లు 27 మందుల్లో హాని చేసేవాటిలో 87 శాతాన్ని పట్టుకున్నాయి, హాని లేనివాటిని తప్పుగా అనుమానించలేదు. ఆ హానికర మందులన్నీ అంతకుముందు జంతు పరీక్షలు దాటి వచ్చినవే.

ఇవి గొప్ప ఆశ కలిగించే పనిముట్లు. అయితే మనిషి కణం అన్నంత మాత్రాన అది మనిషి శరీరంలో ఉన్నట్టే ప్రవర్తిస్తుందనుకుంటే గేలన్ పొరపాటే మళ్లీ చేసినట్టు. ల్యాబ్‌లో విరివిగా వాడే ఒక పోషక ద్రవంలో లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. రక్త పరీక్ష కొలతలో చెప్పాలంటే 450. పరగడుపున అంత షుగర్ ఉన్న మనిషిని వెంటనే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. కణాల్ని ఉంచే పెట్టెలో ఆక్సిజన్ బయటి గాలిలో ఉన్నంత ఉంటుంది, శరీరం లోపలి కణజాలాలకు అందేది అందులో చిన్న వంతు. మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలు పెద్దవాళ్ల గుండె కన్నా పిండం గుండెలా ప్రవర్తిస్తాయి.

2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చి, కొత్త మందుకు జంతు పరీక్ష తప్పనిసరి అన్న షరతును తీసేసింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, జంతు పరీక్షల్ని తగ్గించే పనిని మోనోక్లోనల్ యాంటీబాడీలతో, అంటే ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా తయారుచేసే ప్రొటీన్ మందులతో, మొదలుపెడతామని ప్రకటించింది. ఆ ఎంపికలో మంచి తర్కం ఉంది. యాంటీబాడీని మనిషి ప్రొటీన్ ఆకారానికి సరిపోయేలా తయారుచేస్తారు. చాలాసార్లు ఇతర జంతువుల్లో అది పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఉన్నా, టీజీఎన్1412లో జరిగినట్టు వేరే కణాల మీద ఉండొచ్చు. అక్కడ మనిషి కణాలే మెరుగైన సాక్షులు.

గర్భం సంగతి వేరు. తల్లి కాలేయం మందును ఏం చేస్తుంది, మిగిలింది మాయను దాటుతుందా, దాటితే పిండంలో ఏ వారం ఏ అవయవాన్ని తాకుతుంది అన్నవి ఒకదాని వెంట ఒకటి జరిగేవి. నిలబడ్డప్పుడు రక్తపోటును కాపాడటానికి గుండె, మెదడు, కిడ్నీ, రక్తనాళాలు కలిసి పనిచేయడం కూడా అలాంటిదే. ఏ ఒక్క చిప్పూ ఈ వరుసనంతా ఇంకా పట్టుకోలేదు. కాబట్టి పుట్టబోయే బిడ్డకు ప్రమాదం ఉందో లేదో చూసే పరీక్షల్లో ఎలుకతో పాటు, థాలిడోమైడ్ హానిని పట్టివ్వగల కుందేలును కూడా ఈనాటికీ వాడుతున్నారు.